కొట్టినవాడే తెచ్చుకోవాలి

రైమో గోల్ కొట్టి పదిహేను నెలలైంది.

స్ట్రైకర్‌కి అంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి లేదు. డిఫెండర్ ఏడాది పొడుగునా గోల్ కొట్టకపోయినా ఎవరూ అడగరు. గోల్‌కీపర్ జన్మలో కొట్టకపోయినా ఎవరికీ పట్టదు. స్ట్రైకర్ మాత్రం రొట్టె కొనడానికి కొట్టుకి వెళ్ళినా వదలరు. వరసలో ముందు నిలబడ్డ ముసలావిడ వెనక్కి తిరిగి, "ఏం నాయనా, ఈమధ్య పడటం లేదా?" అని జాలిగా అడుగుతుంది. ఎస్టోనియా చిన్న దేశం. దేశం మొత్తం మీద ఉన్న జనం మన పెద్ద జిల్లా ఒకదానికి చాలరు. కాబట్టి ఎవరి కాలికి ఎన్ని గోల్స్ పడ్డాయో అందరికీ తెలుసు.

రైమో ఆ దేశపు పడమటి తీరంలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఓ చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు ఊరి క్లబ్బులో చేరాడు. పద్దెనిమిదేళ్ళకే దేశం లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. ఇంకేం, విదేశాల నుంచి పిలుపులొచ్చాయి. నెదర్లాండ్స్‌లో రెండో డివిజన్ క్లబ్బు, అక్కణ్ణించి నార్వే, అక్కణ్ణించి పోలండ్. దేశం తరఫున ముప్పై ఎనిమిది మ్యాచ్‌లు ఆడి తొమ్మిది గోల్స్ కొట్టాడు. తొమ్మిదేనా అని పెదవి విరవకండి. పెద్ద జట్ల మీద ఆడేటప్పుడు ఎస్టోనియా స్ట్రైకర్ తొంభై నిమిషాలు పరుగెడితే, బంతి అతని కాలికి తగిలేది ఓ పదిసార్లు. అందులో తొమ్మిది సార్లు వెనక ఎవడో ఒకడు చొక్కా పట్టుకుని లాగుతూ ఉంటాడు.

పోలండ్‌లో మొదటి ఏడాది బాగానే ఆడాడు. రెండో ఏడాది బెంచీ మీద కూర్చున్నాడు. మూడో ఏడాది బెంచీ మీద కూడా చోటు లేకపోయింది. జనవరిలో అక్కడివాళ్ళు, వేసవి దాకా మీ ఊళ్ళోనే ఆడుకోమని, ఆటగాణ్ణి అరువిచ్చినట్టు లోన్ మీద పంపించేశారు. ముప్పై ఒకటో ఏట, పద్దెనిమిదో ఏట బయల్దేరిన చోటికే, పెట్టె పట్టుకుని తిరిగొచ్చాడు రైమో. అతనికి అది చాలా అవమానంగా అనిపించింది.

ఆ ఊరి క్లబ్బుకి నలభై ఏళ్ళుగా ఒక్కడే కోచ్. పేరు హెల్దుర్. డెబ్బై దాటాయి. సన్నగా, పొడుగ్గా, ఎండిపోయిన దేవదారు కర్రలా ఉంటాడు. రోజుకి ఇన్ని మాటలని ఎవరో కొలిచి ఇచ్చినట్టు మాట్లాడతాడు. రైమోకి బూటు తాడు కట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇప్పుడు జాతీయ జట్టుకి కోచ్‌గా ఉన్న ఐనార్ కూడా పదేళ్ళు ఆయన దగ్గర ఆడినవాడే.

మార్చి నెల వచ్చింది. ఇంకో పదిరోజుల్లో జాతీయ జట్టుకి క్వాలిఫయింగ్ మ్యాచ్. ఐనార్ జట్టంతా ఎంచేశాడు, ఒక్క స్ట్రైకర్ చోటు తప్ప. ఆ చోటికి ఇద్దరున్నారు. ఒకడు రైమో. రెండోవాడు ఫిన్లండ్‌లో ఆడుతున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు, వారం వారం గోల్ కొడుతున్నాడు.

శుక్రవారం ఐనార్ రైమోకి ఫోన్ చేసి దాపరికం లేకుండా చెప్పేశాడు. "రేపు పన్నెండింటికి పేర్లు ప్రకటించాలి. నిన్ను చూడటానికి రాలేను. పదకొండున్నరకి హెల్దుర్‌కి ఫోన్ చేస్తాను. నువ్వు ఆడగలవని ఆయనంటే ఆడిస్తాను. ఆయన మాటే ఆఖరు."

ఆ రాత్రి రైమోకి సరిగ్గా నిద్ర పట్టలేదు. పోలండ్ క్లబ్బుతో ఒప్పందం జూన్‌తో అయిపోతుంది. జాతీయ జట్టులో పేరుంటే ఇంకెవరైనా పిలుస్తారు. లేకపోతే పిలిచేవాడు ఉండడు. ముప్పై ఒకటో ఏట ఒకసారి జట్టులోంచి జారినవాణ్ణి మళ్ళీ ఎవరూ వెతకరని అతనికి బాగా తెలుసు. ముసలాయన ఫోన్‌లో ఏమంటాడన్న దాని మీద ఇరవై అయిదేళ్ళ ఆట ఆధారపడి ఉంది.

శనివారం పొద్దున్నే, అందరికంటే ముందు మైదానానికి వెళ్ళాడు. చలికాలమంతా హాల్లో ప్రాక్టీసు చేశారు. బయట ఆడటం ఆ ఏడాది అదే మొదటిసారి. కృత్రిమ గడ్డి మీది మంచునంతా తోసి చుట్టూ గట్టులా పోశారు. ఉత్తరం వైపు గోల్ వెనక పదిహేను అడుగుల దూరంలో రెల్లు, ఆ రెల్లు దాటితే గడ్డకట్టిన సముద్రం.

హెల్దుర్ ఆ మంచు మీద ఉన్నాడు. ఇనపమొన ఉన్న పొడుగాటి కర్రతో ఒక్కో అడుగూ పొడిచి చూస్తూ, గట్టిగా ఉన్నంతమేరా జూనిపర్ పొదల కొమ్మలు పాతుతున్నాడు. ఆ తీరంలో అందరికీ తెలిసిన గుర్తు అది. కొమ్మల దాకా నడవచ్చు. కొమ్మలు దాటితే ఎవరి ప్రాణం వాళ్ళది.

రైమో ఒడ్డున నిలబడ్డాడు. "కోచ్, ఐనార్ ఫోన్ చేస్తాడు."

"చేస్తాడు."

"ఏం చెప్తారు?"

"ఇంకా పదకొండున్నర కాలేదుగా."

రైమో ఇక ఆగలేకపోయాడు. పదిహేను నెలలుగా లోపల కుక్కుకున్నదంతా బయటికి తన్నుకొచ్చింది. "నాకు బంతి రావడం లేదు కోచ్. పోలండ్‌లో అంతే, ఇక్కడా అంతే. నేను సరైన చోటనే నిలబడుతున్నాను. ఇచ్చేవాడు ఉండడు. ఇస్తే వెనక్కిస్తారు, లేదా నా తలమీంచి కొడతారు. బంతి సరిగ్గా ఇవ్వండి, అప్పుడు గోల్ కొట్టకపోతే నన్ను అడగండి. బంతే రాకపోతే ఏ స్ట్రైకరైనా ఏం చేస్తాడు? మీరే చెప్పండి, ఏం చేస్తాడు?"

హెల్దుర్ ఇంకోచోట కర్ర పొడిచాడు. కింద నుంచి కొంచెం నీళ్ళు పైకొచ్చాయి.

"ఇక్కడ బాలేదు," అని మంచుతో చెప్పి, అక్కడితో కొమ్మలు పాతడం ఆపి ఒడ్డుకొచ్చాడు.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. అది వేరే ఎక్కడా ఉన్నట్టు నేను వినలేదు. ఉత్తరం గోల్ వెనక ఒకప్పుడు ఎత్తయిన వల ఉండేదట. ఏటా శరత్కాలపు గాలులు దాన్ని చింపేసేవట. విసిగిపోయి కట్టడం మానేశారు. అప్పట్నించీ బంతి సముద్రంలో పడితే, కొట్టినవాడే వెళ్ళి తెచ్చుకోవాలి. ఎండాకాలం అయితే మోకాళ్ళ నీళ్ళలో నడిచి తేవాలి, చలికాలం అయితే మంచు మీద నడిచి తేవాలి. ఇంకో బంతి వెయ్యరు. అది తిరిగొచ్చేదాకా ఆట ఆగుతుంది, అందరూ నిలబడి చూస్తారు. వెళ్ళేవాడి కోసం గోల్ స్తంభానికి రెండు మేకులు వేలాడుతుంటాయి. వాటికి చెక్క పిడులుంటాయి, రెండింటికీ కలిపి ఒక తాడుంటుంది. మంచు విరిగి నీళ్ళలో పడితే, ఆ మేకుల్ని అంచుకి గుచ్చి పైకి పాకాలి. వేరే ఊరి కోచ్‌లు వచ్చినప్పుడు ఇదంతా చూసి నవ్వుకుని పోతుంటారు. హెల్దుర్ కూడా వాళ్ళతో కలిసి మర్యాదగా నవ్వుతాడు. పద్ధతి మాత్రం మార్చడు.

తన రోజుల్లో ఐనార్ తెచ్చాడు, చిన్నప్పుడు రైమో కూడా ఎన్నోసార్లు వెళ్ళి తెచ్చాడు. కానీ ఆ తర్వాత పదమూడేళ్ళు వేరే దేశాల్లో ఆడాడు. అక్కడ బంతి బయటికి పోతే తల తిప్పి చూడనక్కర్లేదు. చెయ్యెత్తితే చాలు, ఇంకోటి వచ్చి కాళ్ళ ముందు పడుతుంది.

పదింటికి ఆట మొదలైంది. జట్టుని రెండుగా చేసి ఆడిస్తున్నాడు హెల్దుర్. రైమో ఉత్తరం గోల్ మీదికి ఆడుతున్నాడు. ఎదురుగా కీపర్ తోనిస్. వారమంతా రంపపు మిల్లులో పనిచేసి, శనివారం గోల్‌లో నిలబడే దిట్టమైన మనిషి. రైమో పెనాల్టీ బాక్సు అంచున నిలబడి, రెండు చేతులూ చాచి, "ఇటు! ఇటివ్వు!" అని అరుస్తున్నాడు. బంతి రావడం లేదు. వస్తే రెండడుగులు ముందు పడుతోంది, లేదా వెనక పడుతోంది. ప్రతిసారీ చేతులు కిందికి కొట్టి, మైదానం పక్కన నిలబడ్డ హెల్దుర్‌ని చూస్తున్నాడు, చూశారా అన్నట్టు.

పదకొండైంది. పదకొండుంబావైంది. ఇంక పదిహేను నిమిషాలు.

అప్పుడు వచ్చింది బంతి. ఒక్కసారి నేలకి తగిలి, సరిగ్గా మోకాలి ఎత్తుకి లేచింది. రైమో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. పదిహేను నెలల కోపమూ ఆ కాల్లోకి దిగింది. బంతి గోల్ మీంచి, రెల్లు మీంచి పోయి, మంచు మీద రెండుసార్లు ఎగిరి, దొర్లి దొర్లి, జూనిపర్ కొమ్మలు కూడా దాటి ఇరవై అడుగుల అవతల ఆగింది.

రైమో అటు చూడనే లేదు. చెయ్యి ఎత్తి, "ఇంకోటి!" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

తోనిస్ అతన్ని చూశాడు, తర్వాత సముద్రాన్ని చూశాడు, తర్వాత తన చేతి గ్లవుజుల్ని చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది రైమోకి. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు. మొహం వేడెక్కింది.

"ఇప్పుడా?" అన్నాడు. "పదిరోజుల్లో నాకు మ్యాచ్ ఉంది. కాలు మంచులో ఇరుక్కుంటే ఎవరు ఆడతారు? అయినా కొమ్మలు దాటిపోయింది. ఒక్క బంతి. వదిలెయ్యండి."

మాటలో తప్పేమీ లేదు. ఇరవైమంది చలిగాలిలో నిలబడి, తమ బూట్లవైపు చూసుకున్నారు.

హెల్దుర్ మెల్లిగా నడుచుకుంటూ వచ్చాడు. గోల్ స్తంభానికి ఉన్న మేకులు తీసి మెడలో వేసుకున్నాడు. కర్ర పట్టుకున్నాడు.

"కోచ్, మీరెందుకు?" అన్నాడు రైమో.

"ఆట ఆగింది కదా," అన్నాడు హెల్దుర్.

రెల్లు పక్కకి తోసుకుంటూ మంచు మీదికి దిగాడు. కొమ్మల దాకా నడిచాడు. కొమ్మలు దాటి, ముందు మోకాళ్ళ మీదికి, తర్వాత పొట్ట మీదికి వంగి పడుకున్నాడు. కర్రని అడ్డంగా రెండు చేతుల్తో పట్టుకుని, మోచేతుల మీద పాకడం మొదలుపెట్టాడు. మంచు ఆయన కింద కొంచెం కుంగింది. నీళ్ళు పైకొచ్చి కోటుని తడిపాయి. ఎక్కడో లోపల్నించి, దూరంగా తలుపు మూసుకున్నట్టు ఓ చప్పుడొచ్చింది.

ఒడ్డున ఎవరో అమ్మో అన్నారు. ఇద్దరు పరుగున వెళ్ళి నిచ్చెన తెచ్చారు.

రైమోకి మొదట భయమేసింది. వెళ్ళాలనుకున్నాడు, కాళ్ళు కదల్లేదు. ఇద్దరి బరువూ పడితే మంచు ఆగదు, నేను వెళ్ళకపోవడమే మంచిది అని తనకి తాను చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ ఆ నిజం తనకి ముందుగా తట్టలేదని, కాళ్ళు ఆగిపోయాకే వెతికి పట్టుకున్నానని కూడా అతనికి తెలుసు. అప్పుడు సిగ్గేసింది. జీవితంలో ఎన్నడూ అంత సిగ్గుపడలేదు.

హెల్దుర్ కర్ర చివరితో బంతిని దగ్గరికి లాక్కుని, వచ్చిన దారినే వెనక్కి పాకాడు. ఒడ్డుకొచ్చేసరికి గడ్డం నుంచి మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. రైమో ఎక్కడ నిలబడి కొట్టాడో సరిగ్గా అక్కడే బంతి పెట్టి, ఈల వేశాడు.

ఆట మళ్ళీ మొదలైంది. ఇప్పుడు అందరూ రైమోకే బంతి ఇస్తున్నారు. అదేం ఖర్మో, అడిగినన్నాళ్ళూ రాని బంతి ఇప్పుడు కాళ్ళకి అడ్డం పడుతోంది. మొదటిదాన్ని పక్కవాడికి తోసేశాడు. రెండోదాన్ని మెత్తగా తాకించాడు. తోనిస్ ఒంటి చేత్తో, పిల్లిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

హెల్దుర్ ఈల వేసి దగ్గరికొచ్చాడు. కోటు అంచుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"గోల్ ఎక్కడుంది రైమో?"

"ఎదురుగా."

"దాని వెనక?"

"సముద్రం."

"నువ్వు దేన్ని చూసి కొట్టావు?"

రైమో తల దించుకున్నాడు. "మీరు మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందేమోనని..."

"నాకు కాళ్ళున్నాయి," అన్నాడు హెల్దుర్. "నీ పని నువ్వు చెయ్యి."

పదకొండూ ఇరవై ఐదు. మధ్యగీత దగ్గర బంతి ఎవరికీ చిక్కకుండా తిరుగుతోంది. రైమో బాక్సు అంచున చేతులు చాచి నిలబడబోయి, ఆగాడు. ఎందుకో అక్కడ నిలబడటం తనకే నచ్చలేదు. వెనక్కి పరుగెత్తాడు. భుజం అడ్డం పెట్టి బంతి లాక్కున్నాడు, ఒకణ్ణి తప్పించాడు, ఇంకోణ్ణి తప్పించాడు, తల ఎత్తి గోల్‌ని చూశాడు, కొట్టాడు. ఈసారి కాల్లో కోపం లేదు. మంచి దెబ్బ. తోనిస్ గాల్లోకి దూకినా అందలేదు.

బంతి క్రాస్‌బార్‌కి తగిలి ఠంగుమని మోగింది. పైకి లేచి, రెల్లు దాటి, సముద్రం మీద పడింది. ఈసారి ఎడమవైపు, వాగు వచ్చి కలిసే చోట పడింది. అక్కడ మంచు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది.

అందరూ ఒక్కసారిగా అయ్యో అన్నారు. హెల్దుర్ వంగి కర్ర అందుకున్నాడు.

రైమో పరుగెత్తుకుంటూ వచ్చి ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. "ఇవ్వండి."

హెల్దుర్ అతని మొహంలోకి చూశాడు. మెడలోంచి మేకులు తీసి అతని మెడలో వేశాడు. "పడుకుని వెళ్ళు. ఏం జరిగినా లేవకు," అని కర్ర అందించాడు.

రైమో పాకాడు. గుండెల కింద మంచు ఊపిరి తీసుకుంటున్నట్టు కుంగుతోంది, లేస్తోంది. నీళ్ళు చొక్కాలోకి వచ్చాయి, వేళ్ళు మొద్దుబారాయి. బంతి ఇంకా రెండు బారల దూరంలో ఉందనగా, ఒడ్డున ఫోన్ మోగింది.

గడ్డకట్టిన సముద్రం మీద చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. పక్కనే మోగినట్టుంది. రైమో ఆగిపోయాడు. తల మాత్రం తిప్పి చూశాడు. హెల్దుర్ తడిసిన చేతి తొడుగుని పళ్ళతో లాగి, తడవని వెనక జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గాలి అటువైపుకుంది, మాట వినిపించడం లేదు.

ఏమంటున్నాడు? రెండుసార్లు సముద్రంలోకి కొట్టాడని చెప్తున్నాడా? బంతి తేనన్నాడని చెప్తున్నాడా? చెవులు రిక్కించి వింటే ఒక్క ముక్కయినా అందేదేమో. కానీ అదే సమయంలో మోచేతి కింద సన్నగా, బట్ట చిరిగినట్టు, మంచు చప్పుడు చేసింది. రెండింటినీ వినడం కుదరదు. ఒడ్డున ఉన్న మాటనైనా వినాలి, కింద ఉన్న మంచునైనా వినాలి.

అతను తల తిప్పి బంతివైపు పాకాడు.

చెయ్యి బంతి మీద పడేసరికి కింద పలక విరిగింది. భుజాల దాకా ఒక్కసారిగా నీళ్ళలోకి దిగబడ్డాడు. ఊపిరి ఆగింది. కాళ్ళ కింద బురద, ఆ బురదకి అడుగు లేదు. ఒడ్డున అరుపులు. అతను అరవలేదు, అరవడానికి గాలి లేదు. మెడలోని మేకులు దొరకబుచ్చుకుని అంచుకి గుచ్చాడు. అంచు విరిగింది. మళ్ళీ గుచ్చాడు, మళ్ళీ విరిగింది. మూడోసారి పట్టు దొరికింది. పొట్ట ఆనేలా ఒంటిని పైకి లాక్కున్నాడు, పక్కకి దొర్లాడు. తర్వాత, ఒడ్డునున్నవాళ్ళంతా ఒద్దు ఒద్దు అని కేకలేస్తుంటే, చెయ్యి వెనక్కి చాచి నీళ్ళలో తేలుతున్న బంతిని కూడా లాక్కున్నాడు.

కొమ్మల దగ్గర తోనిస్ నిచ్చెన పరిచి దానిమీద పడుకుని ఉన్నాడు. చొక్కా పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు. ఎవరో దుప్పటి కప్పారు. ఎవరో సావనా గదిలో ఆవిరిస్నానానికి పొయ్యి వెలిగించడానికి పరుగెత్తారు.

హెల్దుర్ ఫోన్ అప్పటికే జేబులో ఉంది.

రైమో లేచి నిలబడ్డాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దుప్పటి భుజాల మీంచి జారుతుంటే పట్టించుకోకుండా ఆయన్ని దాటి మైదానంలోకి నడిచాడు. తను కొట్టిన చోటు వెతికి, వంగి, బంతిని అక్కడ పెట్టాడు. ఎవరివైపూ చూడలేదు, ఏమీ అడగలేదు.

హెల్దుర్ దగ్గరికొచ్చి దుప్పటిని మళ్ళీ భుజాల మీదికి లాగాడు.

"ఐనార్ ఫోన్ చేశాడు."

"ఊఁ."

"నీతో ఒక్క మాట మాట్లాడతానన్నాడు. ఇప్పుడు కుదరదు, బంతి తేవడానికి వెళ్ళాడన్నాను."

రైమో తల ఎత్తాడు. నీలంగా మారిన పెదవులతో, మాట తడబడుతూ అడిగాడు. "నేను ఆడగలనా లేదా అని అడగలేదా?"

"అది విన్నాక అడగలేదు," అన్నాడు హెల్దుర్. "సోమవారం నిన్ను జట్టు దగ్గరికి పంపించమన్నాడు."